మనవాళ్ళెవరో మనమే చెప్పుకుందాం

"నీకేం తల్లీ, ఒక్కదానివేగా!"

పెళ్ళి కాని ఆడవాళ్ళలో ఈ మాట వినకుండా ఒక్క ఏడాదైనా గడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? సంక్రాంతికి ఆఫీసులో సెలవులు రాసుకునేటప్పుడు పిల్లలున్నవాళ్ళు ముందుగా రాసేసుకుంటారు. భోగి నాడు, కనుమ నాడు డ్యూటీ ఎవరికంటే మనకే. నెలాఖరు లెక్కలు తేలక రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోవాల్సొస్తే మనమే. నాన్నకి మోకాలి ఆపరేషన్ అంటే అన్నయ్యకి పిల్లల పరీక్షలుంటాయి, అక్కకి మంచాన పడ్డ అత్తగారుంటారు. సెలవు పెట్టి ఆస్పత్రిలో బెంచీ మీద పడుకునేది మనమే. ఆ మాట అనేవాళ్ళు ప్రేమగానే అంటారు. మనమూ చేస్తాం. చేస్తూనే ఉన్నాం.

కానీ అదే మనిషి అద్దెకి ఇల్లు అడిగినప్పుడు, బీమా కాగితం నింపేటప్పుడు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టేటప్పుడు, ఒక బిడ్డను పెంచుకుంటానన్నప్పుడు ఆ మాటే అడ్డం తిరుగుతుంది. ఒక్కదానివి కాబట్టి ఇల్లు ఇవ్వం. ఒక్కదానివి కాబట్టి నీ సంతకం చాలదు. పని పంచేటప్పుడు మన వాటా పెరగడానికీ, హక్కు పంచేటప్పుడు మన వాటా తరగడానికీ ఒకటే కారణం చెబుతున్నారంటే అక్కడ న్యాయం తప్పినట్టే. అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ నెల ముచ్చట్లలో ఆ సంగతే మాట్లాడుకుందాం.

మనమేమీ గుప్పెడుమందిమి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం పెళ్ళి కానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, విడిగా బతుకుతున్నవాళ్ళు కలిపి దేశంలో ఒంటరి మహిళలు సుమారు 7.14 కోట్ల మంది. అంతకు పదేళ్ళ కిందట, 2001లో, 5.12 కోట్లు. వీళ్ళలో కొందరు పెళ్ళి వద్దనుకున్నారు. కొందరికి తమ్ముళ్ళ చదువుల్లో, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళలో తమ పెళ్ళి వయసు దాటిపోయింది. కొందరికి కట్నం కుదరలేదు. కొందరు కాపురం కలిసిరాక బయటికొచ్చేశారు. దారులు వేరైనా వీధి చివర దుకాణం నుంచి ప్రభుత్వ కార్యాలయం దాకా ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒక్కటే: "నీ తరఫున ఎవరున్నారు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకునే హక్కు మనకే ఉండాలి. నేను అడిగేది ఇంతే. ఇప్పుడు ఒక్కొక్క గడపా తొక్కి చూద్దాం.

టు-లెట్ బోర్డు దగ్గర

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, కూకట్‌పల్లి సందుల్లో తిరిగితే గేటుకి వేలాడే బోర్డుల మీద "ఫ్యామిలీకి మాత్రమే" అని కనిపిస్తుంది. విజయవాడ, విశాఖ కూడా ఏమీ తీసిపోవు. ఒంటరి అమ్మాయి ఇల్లు చూడటానికి వెళితే జీతం ఎంతో అడిగే ముందు మిగతావన్నీ అడుగుతారు. మీవారేం చేస్తారు? ఇంకా పెళ్ళెందుకు కాలేదు? రాత్రి ఎన్నింటికొస్తావు? నీ దగ్గరికి ఎవరెవరొస్తారు? అద్దె సమయానికి కడతావా, ఇల్లు శుభ్రంగా ఉంచుతావా అని అడగడం న్యాయం. ఆ ప్రశ్నలు పెళ్ళయినవాళ్ళనీ అడగాలి, కానివాళ్ళనీ అడగాలి. మంచి అద్దెదారు లక్షణాలకి మెడలో తాళితో పనిలేదు.

ఇది మగపిల్లల బాధ కూడా. ఊరు వదిలి ఉద్యోగానికొచ్చిన కుర్రాడికి "బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అన్న మాటే మొదటి పలకరింపు. వాడు తాగడు, గోల చేయడు, వేళకి అద్దె కడతాడు. అయినా వాడు ముందే దోషి.

చట్టం ఏమంటుందని మీరడగొచ్చు. మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా ప్రభుత్వం వివక్ష చూపకూడదంటుంది. పెళ్ళయిందా లేదా అన్నది ఆ జాబితాలో లేదు. పైగా ఇంటి యజమాని ప్రభుత్వం కాదు. అందుకే ఆ బోర్డు అంత ధైర్యంగా వేలాడుతోంది.

ఇల్లు దొరకనివాళ్ళు హాస్టల్లో చేరతారు. అక్కడా ఒక వింత నడిచింది. కాపురం ఉండటానికి ఇల్లు అద్దెకి తీసుకున్న కుటుంబానికి ఆ అద్దె మీద జీఎస్టీ లేదు. 2023లో కర్ణాటక, ఉత్తరప్రదేశ్‌లలో జీఎస్టీ ముందస్తు నిర్ణయాల అథారిటీలు మాత్రం హాస్టల్, పీజీ గదులు నివాస గృహాల కిందికి రావనీ, 12 శాతం పన్ను కట్టాలనీ తేల్చాయి. వంట గదైనా లేని ఆ మంచం జాగాకి పన్ను, మూడు పడకగదుల ఫ్లాటుకి మినహాయింపు! 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ దీన్ని సరిదిద్దింది. కనీసం 90 రోజులు ఉండేవారికి, నెలకి మనిషికి 20,000 రూపాయల లోపు అద్దె అయితే పన్ను లేదని చెప్పింది. అడిగితే, గట్టిగా అడిగితే, మారతాయి అనడానికి ఇదొక రుజువు.

మీలో సొంత ఇళ్ళున్న అక్కలు చాలామంది ఉంటారు. ప్రభుత్వం చట్టం చేసేదాకా ఆగక్కర్లేదు. మీ గేటుకున్న బోర్డు మార్చడం మీ చేతిలో పని. అపార్ట్‌మెంట్ సంఘాల్లో "ఒంటరివాళ్ళకి ఇవ్వొద్దు" అన్న తీర్మానం వచ్చినప్పుడు చెయ్యెత్తి వద్దనండి. ఆ ఇల్లు అడిగేది రేపు మీ కూతురే కావొచ్చు.

ఆస్పత్రి బల్ల ముందు

"మీవారి సంతకం కావాలమ్మా." ఆస్పత్రిలో చేరేటప్పుడు ఈ మాట విని బిక్కచచ్చిపోయిన ఆడవాళ్ళెందరో. భర్త లేడంటే నాన్న, నాన్న లేడంటే అన్న, అన్న ఊళ్ళో లేడంటే రేపు రండి. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న నలభై ఏళ్ళ టీచరమ్మ తన సంగతి తాను చెప్పుకోలేదా?

ఈ విషయంలో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత ఒకామె పరీక్ష కోసం ఒక క్లినిక్‌కి వెళ్ళింది. ఆమె మత్తులో ఉండగా వైద్యురాలు బయట కూర్చున్న వృద్ధురాలైన తల్లితో ఒప్పుకోలు సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసింది. ఆమె కోర్టులు పట్టుకుని తిరిగింది. 2008 జనవరిలో తీర్పొచ్చింది. తన మంచిచెడ్డలు తాను నిర్ణయించుకోగల, వయసొచ్చిన మనిషి తరఫున తల్లి కూడా ఒప్పుకోవడానికి వీల్లేదనీ, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం లేనప్పుడు ఆమె మేలుకునేదాకా ఆగి ఆమెనే అడగాలనీ కోర్టు చెప్పింది. గర్భస్రావం విషయంలోనూ అంతే. 1971 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు.

మరి మనం తెలివిలో లేనప్పుడో? అక్కడే అసలు చిక్కు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ మీ షుగరు మాత్రలు, మీ భయాలు అన్నీ తెలిసిన స్నేహితురాలు ఐసీయూ బయట నిలబడి ఉంటుంది. ఆమెకి లోపలి కబురు చెప్పరు. పదేళ్ళుగా పలకరించని పెదనాన్న కొడుకు వస్తే అతనికి చెబుతారు.

దీనికి దారి లేకపోలేదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడండి. రేపు నాకు మానసికంగా బాగోకపోతే నా తరఫున ఫలానా మనిషి నిలబడాలని మేజర్ అయిన ఎవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకం చేయొచ్చు, వేలిముద్ర వేసినా చాలు. ఆ మనిషి చుట్టం కానక్కర్లేదు. రాసిపెట్టిన మనిషికే మొదటి చోటు, రక్త సంబంధీకులు ఆ తర్వాతే. ఇంత తేట మాట మన చట్టాల్లో ఇంకెక్కడా నాకు కనబడలేదు. ఒంటరివాళ్ళకి కావాల్సిందంతా ఆ ఒక్క ఏర్పాటులో ఉంది: నా మనిషి ఎవరో నేను చెబుతాను, మీరు రాసుకోండి, ఆ మాటకి విలువివ్వండి. మానసిక వైద్యానికి కుదిరింది గుండె ఆపరేషన్‌కి, బీమాకి, పింఛనుకి ఎందుకు కుదరదు?

మిగతా వైద్యానికి అంత నేరు దారి లేకపోయినా చివరి దశ చికిత్స గురించి ముందుగా రాసిపెట్టుకునే వీలు మాత్రం ఉంది. కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఎంతకాలం ఉంచాలి, ఆ సమయంలో ఎవరిని అడగాలి అన్న ముందస్తు వైద్య నిర్దేశానికి 2018లో సుప్రీంకోర్టు గుర్తింపునిచ్చింది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ దగ్గరో, గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు.

పీఎఫ్, బీమా, పన్ను కాగితాలు

ఉద్యోగంలో చేరిన రోజున హడావిడిగా నింపిన నామినేషన్ కాగితం మీలో ఎంతమందికి గుర్తుంది? ఒకసారి తీసి చూడండి.

పీఎఫ్‌లో "కుటుంబం" అంటే ఎవరో చట్టమే చెబుతుంది. ఆడవాళ్ళకైతే భర్త, పిల్లలు, తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, భర్త మీద ఆధారపడ్డ అత్తమామలు. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు అందులో లేరు. ఆ నిర్వచనంలో పడే కుటుంబం మనకి ఉంటే వాళ్ళనే నామినీగా రాయాలి. లేనివాళ్ళు ఇష్టం వచ్చినవారిని రాసుకోవచ్చు. తర్వాత పెళ్ళయితే ఆ పాత నామినేషన్ చెల్లకుండా పోతుంది, కొత్తది రాయాలి. మీ ఇరవై ఏళ్ళ కష్టార్జితం మీరు చదివిస్తున్న చెల్లికి చేరాలంటే ఈ లెక్క ముందే తెలిసుండాలి.

జీవిత బీమాలో ఇంకో తేడా ఉంది. 2015లో బీమా చట్టం మార్చినప్పుడు తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్ళకే చెందుతుందని రాశారు. చెల్లినో, స్నేహితురాలినో నామినీగా పెడితే ఆ రక్షణ లేదు. వాళ్ళు డబ్బు అందుకుని చట్టప్రకారం వారసులకి అప్పజెప్పాల్సినవాళ్ళు మాత్రమే. షేర్ల విషయంలోనూ నామినీ అయినంత మాత్రాన సొంతదారు అయిపోరని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నామినీ పేరు రాశాను కదా అని నిశ్చింతగా ఉంటే చాలదమ్మా. వీలునామా కూడా ఉండాలి.

ఆఫీసు వాళ్ళిచ్చే ఆరోగ్య బీమాలో సాధారణంగా భార్య లేదా భర్త, పిల్లలు ఉంటారు, కొన్నిచోట్ల తల్లిదండ్రులు. పెళ్ళయిన ఉద్యోగి ఇంట్లో నలుగురికి కంపెనీ ప్రీమియం కడుతుంది, పక్క కుర్చీలో అదే పని చేసే ఒంటరి ఉద్యోగినికి ఒక్కరికే కడుతుంది. ఆమె మీద ఆధారపడ్డ వికలాంగుడైన తమ్ముడికి చోటుండదు. ఆదాయపు పన్నులో కూడా ఆరోగ్య బీమా ప్రీమియం మినహాయింపు తనకీ, భర్తకీ, పిల్లలకీ, తల్లిదండ్రులకీ వర్తిస్తుంది, తోబుట్టువుకి కట్టినదానికి వర్తించదు. భర్త ఎంత డబ్బు బహుమతిగా ఇచ్చినా పన్ను లేదు. ప్రాణస్నేహితురాలు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే మొత్తానికీ పన్ను పడుతుంది.

నేనడిగేది పెళ్ళయినవాళ్ళ నుంచి ఏదీ తీసెయ్యమని కాదు. ఒక్కో ఉద్యోగికి ఇన్ని పేర్లు అని లెక్కపెట్టి, ఆ పేర్లు ఎవరివో రాసుకునే అవకాశం ఉద్యోగికే ఇమ్మంటున్నాను. ఒకరు భర్త పేరు రాస్తారు, ఒకరు మేనత్త పేరు రాస్తారు.

మంచి మార్పులూ ఉన్నాయి, చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి చనిపోతే 25 ఏళ్ళు దాటిన పెళ్ళికాని కూతురికి కూడా, సొంత ఆదాయం పరిమితి లోపు ఉంటే, కుటుంబ పింఛను 2007 నుంచి వస్తోంది. అమ్మానాన్నలకి చాకిరీ చేస్తూ ఇంట్లో ఉండిపోయిన ఎందరో ఆడపిల్లలకి అదే ఆధారం. అర్హత ఉండీ దరఖాస్తు చేయనివాళ్ళు మీ వీధిలో ఉంటే చెప్పండి.

తల్లి కావాలనుకుంటే

పెళ్ళికి, తల్లితనానికి వేసిన ముడిని చట్టం కొన్నిచోట్ల విప్పింది, కొన్నిచోట్ల ఇంకా బిగించే ఉంచింది.

దత్తత విషయంలో ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా పెంచుకోవచ్చు. ఒంటరి మగవాడు మాత్రం ఆడపిల్లను దత్తత తీసుకోకూడదు. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే ఒంటరివాళ్ళ వయసు 40 దాటకూడదు. పెద్ద పిల్లలైతే ఆ పరిమితి 55 ఏళ్ళ దాకా పెరుగుతుంది. ఆలోచన ఉన్నవాళ్ళు వయసు మీరేదాకా ఆగొద్దు.

2015 జులైలో సుప్రీంకోర్టు పెళ్ళికాని తల్లి తన బిడ్డకి సంరక్షకురాలు కావడానికి తండ్రి ఎవరో చెప్పక్కర్లేదనీ, అతనికి నోటీసు పంపక్కర్లేదనీ తీర్పునిచ్చింది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి పేరో, తండ్రి పేరో ఒక్కటుంటే చాలు. 2022 సెప్టెంబరు 29న, 24 వారాల దాకా గర్భస్రావానికి అనుమతించే నిబంధన పెళ్ళికాని స్త్రీలకీ వర్తిస్తుందని అదే కోర్టు చెప్పింది.

కానీ సరోగసీ చట్టం చూడండి. 2021లో చేసిన ఆ చట్టం 35 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న వితంతువుకీ, విడాకులు తీసుకున్నామెకీ వీలు కల్పించింది. పెళ్ళే చేసుకోనామెకి లేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం కింద పెళ్ళికానామె ఐవీఎఫ్ చేయించుకోవచ్చు. ఒకసారి పెళ్ళయి పోయినా ఫరవాలేదు, అసలు కాకపోతే మాత్రం వద్దు అనడంలో ఏ తర్కముందో నాకు అంతుపట్టదు. బిడ్డను సాకే శక్తి, ప్రేమ, ఆరోగ్యం చూడాలి గానీ పెళ్ళి ఫొటో ఉందా లేదా అని చూడటమేమిటి?

పుట్టింటి వాటా

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఎందుకంటే మన ఒంటరి అక్కచెల్లెళ్ళు ఎక్కువగా మోసపోయేది పరాయివాళ్ళ చేతిలో కాదు.

మన తెలుగు నేలకి ఈ విషయంలో ఒక గొప్ప చరిత్ర ఉంది. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కునిచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది వర్తించింది. అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఆ హక్కు లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకి 1984లో పెళ్ళయితే వాటా లేదు, చెల్లికి ఇంకా కాలేదు కాబట్టి ఉంది. ఆ రోజు పెళ్ళికాని పిల్లకి లాభం జరిగింది, పెళ్ళయిన పిల్లకి నష్టం. అదీ అన్యాయమే. హక్కుని పెళ్ళితో కొలిచినంతకాలం ఎవరో ఒకరికి తక్కువ తూగుతుంది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణ పెళ్ళితో పనిలేకుండా కూతుళ్ళందరికీ ఆ హక్కునిచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా చెల్లుతుందని స్పష్టం చేసింది.

చట్టం ఇంత చెప్పినా ఇంట్లో జరిగేదేమిటి? "నీకెందుకమ్మా పొలం, నీ తర్వాత ఎలాగూ మా పిల్లలదేగా" అని అన్నయ్య రిలీజ్ డీడ్ తెస్తాడు. పదిహేనేళ్ళు అమ్మకి అన్నం తినిపించిన చెల్లి, వదిన ముందు చెడ్డ అనిపించుకోలేక సంతకం పెట్టేస్తుంది. చెల్లీ, నీ ముసలితనానికి కొడుకులు లేరు, కోడళ్ళు లేరు. నీకు ఆ వాటా మిగతా అందరికంటే ఎక్కువ అవసరం. ప్రేమతో ఇవ్వదలిస్తే నీ తర్వాత వెళ్ళేలా వీలునామాలో రాసుకో. బతికుండగా చేతులు ఖాళీ చేసుకోకు.

ఇప్పటికే అరవై దాటి, మేనల్లుడికో మేనకోడలికో ఇల్లు రాసిద్దామనుకుంటున్న పెద్దక్కలకి ఒక మాట. తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం 2007లో 23వ సెక్షన్ ఉంది. నాకు ఉండటానికి చోటు, తిండి, వైద్యం చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ షరతు వాళ్ళు తప్పితే ఆ దస్తావేజు రద్దు చేయమని ఆర్డీఓ ట్రైబ్యునల్‌ని అడగొచ్చు. ఆ షరతు దస్తావేజులోనే రాయించండి. నోటిమాట మీద వదిలేయొద్దు. పిల్లలు లేని వృద్ధులు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు పొందబోయే బంధువుల నుంచి మనోవర్తి అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది.

వీలునామా లేకపోతే ఏమవుతుందో ఒక కేసు చెబుతాను, మనసు కలుక్కుమంటుంది. 1955లో పెళ్ళయిన ఒక అమ్మాయి భర్త మూడు నెలలకే పాము కరిచి చనిపోయాడు. అత్తింటివాళ్ళు ఆమెను వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, కూడబెట్టింది. 1996లో వీలునామా రాయకుండానే కన్నుమూసింది. పిల్లలు లేని హిందూ స్త్రీ సొంత సంపాదన, ఆమె తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులకి వెళ్ళాలని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. 2009లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ ప్రకారమే, బతికున్నంతకాలం ఆమె ముఖం చూడని భర్త తరఫు బంధువులకే ఆ డబ్బు ఇచ్చింది. ఆమెను కడుపులో పెట్టుకున్న తల్లికి దక్కలేదు. పెళ్ళే కానివాళ్ళకైతే తల్లిదండ్రుల తర్వాత తండ్రి వారసులకి పోతుంది. మనం ఏమీ చెప్పకపోతే చట్టం తనకి తెలిసిన వరసలో చెప్పేస్తుంది. అందుకే చెప్పి పోవాలి.

ప్రభుత్వం చేయూత

పేద ఒంటరి మహిళల కోసం తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆసరా పింఛను మొదలుపెట్టింది. నెలకి 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. భర్త వదిలేసినవాళ్ళతో పాటు పెళ్ళికానివాళ్ళకీ ఇది వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఒంటరి మహిళల పింఛను 4,000 రూపాయలైంది. హర్యానా 2023లో ఇంకో అడుగు వేసి, 45 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న పేద అవివాహితులకి, ఆడామగా ఇద్దరికీ, నెలకి 2,750 రూపాయలు ప్రకటించింది. పల్లెల్లో నలభై దాటినా సంబంధం కుదరని చిన్న రైతులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ముసలి తల్లి పోతే వాళ్ళకి గ్లాసుడు మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. మన రెండు రాష్ట్రాలూ వాళ్ళ గురించి కూడా ఆలోచించాలి.

అయితే పింఛను ఒక్కటే న్యాయం అనుకోకూడదు. రాజస్థాన్‌లో ఏకల్ నారీ శక్తి సంఘటన్ అనే ఒంటరి మహిళల సంఘం ఉంది. పల్లెటూరి ఆడవాళ్ళు తామే ఒకరికొకరు తోడై భూమి కాగితాలకి, రేషన్ కార్డులకి, పరువుకి నిలబడ్డారు. జాలి చూపమని కాకుండా, లెక్కలోకి తీసుకోమని అడిగారు. మన డ్వాక్రా సంఘాలకి ఆ పని చేతకాదా? ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఒంటరివాళ్ళుంటారు. ఈసారి సమావేశంలో వాళ్ళ రేషన్ కార్డు, పింఛను, ఇంటి స్థలం ఎక్కడ ఆగాయో ఒక్కసారి అడగండి.

మన ఇంట్లో మొదలుపెడదాం

చట్టాల సంగతి సరే, మనింటి సంగతి చూసుకుందాం. తమ్ముడి పెళ్ళికి అప్పు చేసి ఖర్చంతా పెట్టిన అక్కను, దంపతులే కూర్చోవాలంటూ పీటల దగ్గర్నించి పక్కకి జరుపుతాం. శ్రావణ శుక్రవారం పేరంటానికి వీధంతా బొట్టు పెట్టి పిలిచి, యాభై ఏళ్ళ పెళ్ళికాని టీచరమ్మ గుమ్మం దాటి వెళ్ళిపోతాం. ఆవిడ నోరు తెరిచి అడగదు. అడగకపోయినా పిలవాలి. వాయనం చేతిలో పెడితే వ్రతభంగం కాదు, అమ్మవారు సంతోషిస్తుంది.

మన ఇళ్ళల్లో మేనత్తలు, పెద్దమ్మలు, పిన్నమ్మలు ఎందరు పెళ్ళి లేకుండా ఉండిపోయి మనకి జడలు వేశారు, ఫీజులు కట్టారు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నారు! వాళ్ళకి మంచం ఏ గదిలో వేశాం? వాళ్ళ మందుల ఖర్చు ఎవరి లెక్క? ఇంటి నిర్ణయాల్లో వాళ్ళ మాట అడిగామా? ఈ ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సమానత్వం మన ఇంట్లో ఎంతుందో తెలిసిపోతుంది.

ఆఫీసుల్లో పై అధికారులుగా ఉన్న అక్కలు పండగ డ్యూటీలు వంతులవారీగా వేయండి. సెలవు ఎందుకని అడిగినప్పుడు పిల్లాడి స్కూలు ఫంక్షన్‌కి ఎంత విలువిస్తారో, స్నేహితురాలి కీమోథెరపీకి అంతే విలువివ్వండి.

ఇక ఒంటరిగా ఉన్న నా చెల్లెళ్ళకి, అక్కలకి చిన్న జాబితా. ఒకటి, సొంత పేరు మీద ఆరోగ్య బీమా తీసుకోండి, ఆఫీసుదొక్కటే నమ్ముకోవద్దు. రెండు, పీఎఫ్, బ్యాంకు, బీమా నామినేషన్లు తిరగేసి సరిచేయండి. మూడు, వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరక్కర్లేదు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి పొందేవాళ్ళు సాక్షులుగా లేకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి. నాలుగు, వైద్యం గురించి మీ మాట ఎవరు చెప్పాలో రాసి, ఆ మనిషికి ఒక నకలు ఇవ్వండి. అయిదు, అద్దె ఒప్పందం మీ పేరు మీదే, రాతపూర్వకంగా చేసుకోండి.

పెళ్ళయిన అక్కలూ, ఈ జాబితా మీకూ పనికొస్తుంది. ఎంత అన్యోన్యమైన దాంపత్యంలోనైనా ఇద్దరిలో ఒకరు ముందు వెళ్ళాల్సిందే, మిగిలినవారు ఒంటరే. మన జీవితాల్లో మొదటో, నడుమో, చివరో ఒంటరి కాలం లేనివాళ్ళు చాలా తక్కువ. అందుకని ఒంటరివాళ్ళ హక్కులంటే ఎవరో పక్కింటివాళ్ళ గొడవ అనుకోకండి.

మన ప్రజాప్రతినిధులు ఓట్లకొచ్చినప్పుడు మూడు సంగతులు అడుగుదాం. పెళ్ళి కాలేదన్న కారణంతో ఇల్లు నిరాకరించకూడదని చట్టం తెండి. సరోగసీ, దత్తతల్లో పెళ్ళి లెక్క తీసేయండి. ప్రతి ఆస్పత్రి, బీమా, పీఎఫ్ కాగితంలో "మీరు ఎంచుకున్న వ్యక్తి" అన్న గడి ఒకటి పెట్టి, అక్కడ రాసిన పేరుకి చట్టం విలువిచ్చేలా చేయండి. ఇందులో ఖజానాకి పెద్ద ఖర్చు కూడా లేదు. కోట్లమందిని, ఎవరికి కూతుళ్ళు, ఎవరికి భార్యలు అని వెతకకుండా, మనుషులుగా నమ్మితే చాలు.